నది ఎండిన చోట పుట్టిన జబ్బు: ఒక ఆదివాసీ జాతి మధుమేహ చరిత్ర, మనకు చెప్పే పాఠం

1982 ఆగస్టు 9న జెనీవాలో ఐక్యరాజ్యసమితి ఆదివాసీ కార్యవర్గం మొదటిసారి సమావేశమైంది. ఆ రోజుకు గుర్తుగానే ఏటా ప్రపంచ ఆదివాసీ దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ రోజు భూమి గురించి మాట్లాడతాం. అడవి గురించి, భాష గురించి, పోడు గురించి మాట్లాడతాం. ఆరోగ్యం సంగతి వస్తే మలేరియా, రక్తహీనత, సికిల్ సెల్, టీబీ దగ్గర ఆగిపోతాం. షుగర్ జబ్బు ఊసు మన సభల్లో పెద్దగా రాదు. అది మైదానం వాళ్ళ జబ్బనీ, కూర్చుని తినేవాళ్ళకు వచ్చేదనీ, కొండ ఎక్కి దిగేవాడికి రాదనీ మనలో చాలామంది నమ్మకం.

సరిగ్గా ఇలాగే అనుకోవడానికి కారణం ఉన్న ఒక ఆదివాసీ జాతి అమెరికాలో ఉంది. నూరేళ్ళ కిందట వాళ్ళలో ఈ జబ్బు దాదాపు కనిపించలేదు. ఆ తరువాత రెండు మూడు తరాల్లోనే ప్రపంచంలో మధుమేహం అత్యధికంగా ఉన్న జాతిగా వైద్య పుస్తకాలకు ఎక్కింది. ఆ మార్పు ఎలా వచ్చిందో తెలిస్తే మన కొండల్లో ఇప్పుడు జరుగుతున్నది కూడా అర్థమవుతుంది. అందుకే ఈ సంచికకు వారి చరిత్ర రాస్తున్నాను.

నదీ జనం

అమెరికా నైరుతి మూల అరిజోనా రాష్ట్రం ఉంది. అది ఎడారి నేల. ఆ ఎడారిలోంచి పారే నది గిలా (అక్కడివారు హీలా అని పలుకుతారు). ఆ నది ఒడ్డున బతికినవారు తమను తాము అకిమెల్ ఓఓదమ్ అని పిలుచుకుంటారు. అంటే నదీ జనం అని అర్థం. నదికి దూరంగా ఎడారిలో ఉండే వారి దాయాదులు తొహోనో ఓఓదమ్, ఎడారి జనం. బయటి ప్రపంచం నదీ జనానికి పెట్టిన పేరు పిమా. తెల్లవాళ్ళు ఏదో అడిగితే వీళ్ళు తమ భాషలో 'తెలియదు' అన్నారనీ, ఆ మాటే వాళ్ళ పేరైపోయిందనీ చెబుతారు. మన తెగలకు పక్కవాళ్ళు పెట్టిన పేర్లే రికార్డుల్లో నిలిచిపోయిన సంగతి మనకు కొత్త కాదు.

వీరి పూర్వీకులుగా భావించే హొహొకమ్ ప్రజలు శతాబ్దాల కిందటే గిలా నుంచి మైళ్ళ కొద్దీ కాలువలు తవ్వి ఎడారిలో సేద్యం చేశారు. పిమాలు ఆ సేద్యాన్ని కొనసాగించారు. మొక్కజొన్న, గుమ్మడి, పత్తి, ఎడారి వేడికి తట్టుకునే టెపరీ అనే చిక్కుడు జాతి గింజ పండించేవారు. స్పెయిన్ వారి ద్వారా గోధుమ వచ్చాక శీతాకాలం పంట కూడా చేతికొచ్చింది. మన జమ్మిచెట్టుకు, సర్కారు తుమ్మకు చుట్టమైన మెస్కీట్ చెట్టు కాయలను ఏరి దంచి పిండి చేసుకునేవారు. సవారో అనే పెద్ద బ్రహ్మజెముడు పండ్లు, నాగజెముడు మొగ్గలు, నదిలో చేపలు, వేటమాంసం వాళ్ళ తిండి. ఇందులో పీచు ఎక్కువ, నెమ్మదిగా అరిగే పిండి ఎక్కువ, కొవ్వు తక్కువ.

1849లో కాలిఫోర్నియాలో బంగారం కోసం వేల మంది తెల్లవారు ఎడారి దారిన బయలుదేరారు. పిమా ఊళ్ళకు చేరేసరికి ఆకలితో, దాహంతో ఉండేవారు. వారికి తిండి, నీళ్ళు ఇచ్చింది ఈ ఆదివాసీలే. తరువాతి ఏళ్ళలో సైన్యానికి, బళ్ళ వర్తకులకు లక్షల పౌండ్ల గోధుమలు అమ్మారు. అంటే ఒకప్పుడు చేయిచాచినవాళ్ళు కాదు, ఇతరులకు పెట్టినవాళ్ళు. ఈ మాట గుర్తుంచుకుంటేనే తరువాతి కథ అర్థమవుతుంది.

నీళ్ళు పోయిన తీరు

1859లో అమెరికా ప్రభుత్వం వారికి రిజర్వేషన్ గీసింది. అరిజోనాలో అదే మొదటి రిజర్వేషన్. భూమికి గీత గీశారు గానీ నీటికి హామీ ఇవ్వలేదు. 1860ల చివర నుంచి నది ఎగువన తెల్ల రైతులు స్థిరపడ్డారు. కాలువలు తవ్వి నీరు మళ్ళించారు. 1880ల చివర ఎగువన ఒక కంపెనీ పెద్ద కాలువ తవ్వడంతో ఎండాకాలం దిగువకు వచ్చే నీరు దాదాపు ఆగిపోయింది. దానికి వరస కరువులు తోడయ్యాయి. 1871 నుంచి 1910 దాకా ఉన్న కాలాన్ని వారి చరిత్రలో 'నలభై ఏళ్ళ కరువు' అంటారు.

పిమాలకు రాత లేదు. కానీ చరిత్ర ఉంది. సవారో చెట్టు ఎండిన కాడ మీద ఏడాదికి ఒక గాటు పెట్టి, ఆ ఏడు జరిగిన ముఖ్యమైన సంగతిని గుర్తులతో దాచేవారు. ఆ కర్ర పట్టుకున్న పెద్ద మనిషి గాటు మీద వేలు పెట్టి కథ చెప్పేవాడు. 1901-02లో అక్కడ ఉండి పరిశోధించిన ఫ్రాంక్ రస్సెల్ ఈ కర్రల కథలను రాసుకున్నాడు. 1908లో అచ్చయిన ఆయన గ్రంథంలో అవి ఉన్నాయి. గోండు పర్ధాన్లు కీకిరి వాయిస్తూ పాడే వంశ చరిత్రల్లాగే అవీ నోటిలో బతికిన చరిత్రలు.

పంట పోయాక బతకడానికి వాళ్ళు చేసిన పని మెస్కీట్ చెట్లు కొట్టి వంటచెరుకుగా అమ్మడం. తిండి పెట్టిన చెట్టునే కొట్టి తిండి కొనుక్కోవాల్సి వచ్చింది. నీళ్ళు లేక చేపలు పోయాయి. చెట్లు పోయి కాయలు పోయాయి. ప్రభుత్వం రేషన్ ఇవ్వడం మొదలుపెట్టింది. 1924లో అమెరికా కాంగ్రెస్ ఒక నీటి ప్రాజెక్టుకు చట్టం చేసింది. దాని కింద కట్టిన కూలిడ్జ్ ఆనకట్ట 1930లో ప్రారంభమైంది. నీళ్ళు తిరిగి వస్తాయని చెప్పారు. ఆ నీటిలో పిమాల పొలాలకు చేరింది కొద్దే.

రేషన్ పిండి, పందికొవ్వు, పంచదార

రేషన్‌లో వచ్చినవి తెల్ల గోధుమ పిండి, పందికొవ్వు, పంచదార, డబ్బాల్లో నిలవ ఉంచిన తిండి. ఇవి మూడు కలిపి నూనెలో వేయించే రొట్టె ఇప్పుడు అమెరికా ఆదివాసీల 'సంప్రదాయ' వంటకంగా పేరు పొందింది. నిజానికి అది వాళ్ళ తాతల తిండి కాదు, రేషన్ బస్తాలోంచి పుట్టిన తిండి.

రెండో ప్రపంచ యుద్ధం మరో మలుపు. యువకులు సైన్యానికి, ఫ్యాక్టరీలకు వెళ్ళారు. 1945లో ఇవో జిమా ద్వీపంలో అమెరికా జెండా నిలబెట్టిన ప్రసిద్ధ ఫోటోలో ఉన్న ఐరా హేస్ పిమా యువకుడే. యుద్ధం తరువాత కూలి డబ్బు, కార్లు, కొట్టు తిండి వచ్చాయి. పొలం పని, నడక తగ్గాయి. ఒక తరం ఆకలి చూసింది. తరువాతి తరం చవక కేలరీల మధ్య, పని లేని ఊళ్ళో పెరిగింది. వైద్యులు ఈ రెండింటినీ కలిపి చూడడానికి చాలా కాలం పట్టింది.

అంకెలు చెప్పే చరిత్ర

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అలెష్ హ్రద్లిచ్కా అనే శాస్త్రవేత్త నైరుతి అమెరికా ఆదివాసీల ఆరోగ్యం పరిశీలించాడు. 1908లో అచ్చయిన నివేదికలో పిమాలలో ఆయన గుర్తించిన మధుమేహం కేసు ఒక్కటే. ఆ రోజుల్లో ఊరూరా రక్తపరీక్షలు లేవు, కనుక బయటపడని కేసులు కొన్ని ఉండి ఉండవచ్చు. అయినా దాహం, అతిమూత్రం, మానని పుండ్లు, చూపు పోవడం ఊరి నిండా ఉంటే అంతగా వెతికిన మనిషి కంట పడకుండా ఉండేవి కావు.

1937లో అమెరికాలో మధుమేహ వైద్యానికి పేరుపొందిన ఇలియట్ జాస్లిన్ అరిజోనా ఆదివాసీల్లో వాకబు చేశాడు. పిమాలలో 21 కేసులు దొరికాయి. మిగతా అమెరికన్లలో ఎంతో వీళ్ళలోనూ అంతే అని ఆయన తేల్చాడు. 1950ల మధ్యకు వచ్చేసరికి కేసులు పది రెట్లకు పైగా పెరిగాయి. 1963లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ బృందం కీళ్ళవాతం గురించి సర్వే చేయడానికి వచ్చి, అనుకోకుండా షుగర్ విపరీతంగా ఉన్నట్టు గుర్తించింది. 1965 నుంచి అయిదేళ్ళు దాటిన ప్రతి ఒక్కరినీ రెండేళ్ళకోసారి పరీక్షించే అధ్యయనం మొదలైంది. అది నాలుగు దశాబ్దాలు సాగింది. 1971లో పీటర్ బెన్నెట్ తదితరులు ప్రకటించిన ఫలితం ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేసింది. 35 ఏళ్ళు, ఆపై వయసున్న పిమాలలో దాదాపు సగం మందికి మధుమేహం ఉంది. 1979 నాటికి, పెద్దవాళ్ళ జబ్బుగా పేరున్న టైప్ 2 మధుమేహం పిమా పిల్లల్లో కూడా నమోదైంది.

1908లో ఒక్క కేసు, 1971లో పెద్దవాళ్ళలో సగం. మధ్యలో అరవై మూడేళ్ళు. ఇంత తక్కువ కాలంలో ఒక జాతి రక్తం మారదు. మారింది నది, పొలం, పళ్ళెం.

రక్తంలో ఉందా, బతుకులో ఉందా?

ఈ ప్రశ్న మీద పెద్ద చర్చ జరిగింది. 1962లో జేమ్స్ నీల్ అనే జన్యు శాస్త్రవేత్త ఒక ఊహ ప్రతిపాదించాడు. ఆకలి, తిండి మారి మారి వచ్చే కాలంలో బతికిన మనుషుల్లో దొరికిన తిండిని కొవ్వుగా దాచుకునే 'పొదుపు జన్యువు' నిలిచి ఉంటుందనీ, ఎప్పుడూ తిండి దొరికే కాలంలో అదే జబ్బుకు దారితీస్తుందనీ ఆయన భావన. ఈ మాట బాగా ప్రచారమైంది. 'ఆదివాసీ రక్తమే అంత' అనే మాటగా కూడా మారింది. జన్యువుల పాత్ర లేదనలేం. తల్లిదండ్రులకు షుగర్ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువన్నది నిజం. కానీ ఒక జాతి మొత్తం జబ్బును వివరించే ఒక్క జన్యువు ఇప్పటిదాకా దొరకలేదు.

ఈ ప్రశ్నకు బలమైన జవాబు మెక్సికో కొండల నుంచి వచ్చింది. అక్కడి సొనోరా రాష్ట్రంలో మైకోబా అనే కొండ ఊళ్ళో పిమాల రక్తబంధువులే ఉన్నారు. కొన్ని వందల ఏళ్ళ కిందట విడిపోయిన ఒకే జాతి వాళ్ళు. అక్కడివారు నాగలితో, చేతులతో సేద్యం చేసుకుంటూ, మొక్కజొన్న, చిక్కుళ్ళు తింటూ బతుకుతున్నారు. 2006లో వెలువడిన పోలికలో అమెరికా పిమాలలో మధుమేహం 38 శాతం ఉంటే, మెక్సికో పిమాలలో 6.9 శాతమే ఉంది. అంటే అయిదో వంతు కన్నా తక్కువ. అదే ప్రాంతంలో ఉన్న పిమాలు కాని మెక్సికన్లలో 2.6 శాతం. మెక్సికో పిమాలలో స్థూలకాయం కూడా చాలా తక్కువ.

ఒకే రక్తం, రెండు బతుకులు, రెండు ఫలితాలు. జబ్బు రావడానికి విత్తనం రక్తంలో ఉంటే ఉండవచ్చు. అది మొలకెత్తాలా వద్దా అన్నది నేల నిర్ణయిస్తుంది.

తల్లి కడుపు నుంచే

పిమాల అధ్యయనం మరో సంగతి బయటపెట్టింది. తల్లికి గర్భంలో ఉండగా షుగర్ ఉంటే, ఆ బిడ్డకు చిన్న వయసులోనే ఊబకాయం, మధుమేహం వచ్చే ప్రమాదం ఎక్కువ. ఒకే తల్లి పిల్లల్లో కూడా షుగర్ రాకముందు పుట్టిన బిడ్డ కన్నా, వచ్చాక పుట్టిన బిడ్డకే ప్రమాదం ఎక్కువని తేలింది. అంటే ఇది రక్తం ద్వారా మాత్రమే కాదు, గర్భం ద్వారా కూడా తరం నుంచి తరానికి అందుతోంది.

అలాగే బరువు ఎక్కువగా పుట్టిన బిడ్డలకే కాదు, మరీ తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు కూడా పెద్దయ్యాక షుగర్ ఎక్కువగా వచ్చినట్టు 1994లో ప్రకటించారు. మొదటి నెలల్లో తల్లిపాలు మాత్రమే తాగిన పిల్లల్లో తరువాత షుగర్ తక్కువగా ఉన్నట్టు 1997లో చూపించారు. తక్కువ బరువుతో బిడ్డలు పుట్టే మన ఏజెన్సీ ఊళ్ళకు ఈ మాటలు నేరుగా వర్తిస్తాయి.

వాళ్ళు లోకానికి ఇచ్చింది, లోకం వాళ్ళకు ఇచ్చింది

ఈ రోజు ఎవరైనా గ్లూకోజ్ నీళ్ళు తాగి రెండు గంటల తరువాత రక్తం ఇస్తే, 200 మిల్లీగ్రాములు దాటితే షుగర్ ఉన్నట్టు లెక్క. ఆ గీత ఎక్కడ గీయాలో నిర్ణయించడానికి పిమాల రక్తపరీక్షలు ప్రధాన ఆధారాల్లో ఒకటి. వాళ్ళ ఫలితాలను గీస్తే రెండు వేరువేరు గుట్టల్లా కనిపించాయి. ఒకటి మామూలు వారిది, రెండోది జబ్బు ఉన్నవారిది. ఆ రెండు గుట్టల మధ్య లోయ ఆ అంకె దగ్గరలో ఉంది. 1979, 1980లలో వచ్చిన ప్రమాణాల్లో ఆ అంకె చేరింది. మన పాడేరు, ఉట్నూరు ఆసుపత్రుల్లో రాసే కాగితంలో కూడా ఆ నదీ జనం ఉన్నారు.

అరిజోనాలోనే గ్రాండ్ కేన్యన్ లోయలో ఉండే హవసుపాయి తెగ అనుభవం వేరు. 1990 ప్రాంతంలో షుగర్ పరిశోధన కోసం అని వాళ్ళు రక్తం ఇచ్చారు. ఆ నమూనాలను వారికి సరిగ్గా చెప్పకుండా మానసిక వ్యాధులు, వంశ మూలాల పరిశోధనకు కూడా వాడారు. తెగ కోర్టుకు వెళ్ళింది. 2010లో రాజీ కుదిరి పరిహారం వచ్చింది, రక్తం నమూనాలు తిరిగి వచ్చాయి. రక్తం ఇవ్వడం తప్పు కాదు. దేనికి ఇస్తున్నామో, ఫలితం మనకు చెబుతారో లేదో అడగడం మన హక్కు. ఊరికి వచ్చే ఏ సర్వే బృందాన్నైనా గ్రామసభ ఈ రెండు ప్రశ్నలు అడగాలి.

మన కొండల్లో ఏం జరిగింది?

గిలా నది కథ చదువుతున్నప్పుడు మన చరిత్ర గుర్తురాకుండా ఉండదు. వాళ్ళకు నీరు పోయినట్టు మనకు అడవి పోయింది. 1882 మద్రాసు అటవీ చట్టం తరువాత విశాఖ, గోదావరి ఏజెన్సీలో పోడు మీద, అటవీ ఫలాల మీద ఆంక్షలు బిగిశాయి. అంతకుముందే 1879లో కల్లు మీద పన్నుతో రంప తిరగబడింది. 1922-24లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం నడిచింది. నిజాం వైపు రిజర్వు ఫారెస్టుల పేరుతో గోండు, కొలాం ఊళ్ళను ఖాళీ చేయించారు. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చాడు. ఇవన్నీ భూమి పోరాటాలని చదువుకున్నాం. నిజమే. కానీ ఇవి తిండి పోరాటాలు కూడా.

పోడులో ఒకే పంట ఉండేది కాదు. సామలు, కొర్రలు, చోళ్ళు, జొన్నలు, కంది, అనుములు, బొబ్బర్లు కలిపి చల్లేవారు. ఒకటి పోతే ఇంకొకటి చేతికొచ్చేది. దానికి తోడు అడవి దుంపలు, ఆకుకూరలు, వెదురు కొమ్ములు, ఇప్ప పువ్వు, వేట. పొద్దున చోడి అంబలి, ఆదిలాబాద్ వైపు జొన్న గటక. పోడు తగ్గే కొద్దీ ఈ వరస తగ్గింది. ఆదిలాబాద్‌లో జొన్న చేలు పత్తి చేలయ్యాయి. సీతంపేట కొండలు జీడితోటలయ్యాయి. అరకు, పాడేరులో కాఫీ వచ్చింది. డబ్బు చేతికొచ్చింది, మంచిదే. కానీ పత్తి, జీడి, కాఫీ పళ్ళెంలోకి రావు. పళ్ళెంలోకి రావలసింది కొట్టు నుంచో, డిపో నుంచో రావాలి.

1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ డిపోల ద్వారా బియ్యం కొండలకు వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలైంది. ఆ బియ్యం ఎన్నో ఇళ్ళలో ఆకలి తీర్చింది. దాన్ని తప్పుపట్టడం కృతఘ్నత అవుతుంది. కానీ తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో తవుడు పోతుంది, పీచు పోతుంది. మూడు పూటలా అదే అన్నం, పక్కన కాస్త పులుసు, మధ్యలో పంచదార టీ, పిల్లల చేతిలో ప్యాకెట్ చిరుతిళ్ళు, రంగు కూల్‌డ్రింకులు అయితే అది గిలా ఒడ్డున రేషన్ బస్తాకు దూరపు చుట్టమే.

మరి మనలో షుగర్ ఎంత ఉంది? 2023లో ప్రకటించిన భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్త సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్ళలో 11.4 శాతం మందికి మధుమేహం ఉంది. పట్టణాల్లో 16.4 శాతం, పల్లెల్లో 8.9 శాతం. మరో 15.3 శాతం మంది జబ్బు అంచున ఉన్నారు. గిరిజనుల మీద విడివిడిగా జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2013లో వచ్చింది. దాని ప్రకారం వివిధ తెగల్లో 0.7 శాతం నుంచి 10.1 శాతం దాకా ఉంది, మొత్తం మీద 5.9 శాతం. అంటే 'మనకు రాదు' అన్న మాట అప్పటికే చెల్లలేదు. అయితే మనం ఇంకా పిమాల 1971 దగ్గరకు చేరలేదు. వాళ్ళ 1937 లాంటి చోట నిలబడి ఉన్నాం. ఆనాడు జాస్లిన్ 'అందరిలాగే వీళ్ళూ' అని సరిపెట్టుకున్నాడు. తరువాత ఇరవై ఏళ్ళలో పది రెట్లయింది.

సన్నగా ఉన్నవారికి కూడా

మనలో చాలామంది సన్నగా ఉంటారు కనుక షుగర్ రాదనుకుంటారు. ఇది ప్రమాదకరమైన నమ్మకం. కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో సరైన తిండి లేనివారిలో ఇన్సులిన్ తయారు చేసే క్లోమం బలహీనంగా ఎదగవచ్చు. ఇలా పోషణ లోపంతో ముడిపడిన మధుమేహం గురించి 1955లోనే జమైకా నుంచి నివేదిక వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో దానికి విడి పేరు ఇచ్చి, 1999లో తీసేసింది. 2025లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దాన్ని 'టైప్ 5' పేరుతో మళ్ళీ గుర్తించింది. దీని మీద జరిగిన పరిశోధనలో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యుల పాత్ర ముఖ్యమైనది. బక్కపలచని యువకుడికి అతిదాహం, అతిమూత్రం, బరువు తగ్గడం ఉంటే టీబీ ఒక్కటే కాదు, షుగర్ కూడా చూడాలి. షుగర్ ఉన్నవారికి టీబీ వచ్చే ప్రమాదం రెండు మూడు రెట్లు ఎక్కువ కూడా.

ఇంకో ముఖ్యమైన సంగతి. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎర్ర రక్తకణాల ఆయుష్షు మీద ఆధారపడుతుంది. సికిల్ సెల్ జబ్బు ఉన్నవారిలో కణాలు త్వరగా చనిపోతాయి కనుక ఈ పరీక్ష ఉన్న షుగర్ కన్నా తక్కువ చూపించవచ్చు. సికిల్ లక్షణం మోసేవారిలో కూడా కొన్ని యంత్రాలు తప్పు చెప్పవచ్చు. మన తెగల్లో సికిల్ సెల్ ఎక్కువ. 2023 జులై నుంచి జరుగుతున్న జాతీయ సికిల్ సెల్ కార్యక్రమంలో పరీక్ష చేయించుకుని కార్డు తీసుకున్నవారు షుగర్ పరీక్షకు వెళ్ళినప్పుడు ఆ కార్డు డాక్టరుకు చూపించాలి. పరగడుపున, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు చేసే పరీక్షలు వారికి నమ్మదగినవి.

మనం చేయగలిగినవి

30 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ ఏడాదికోసారి షుగర్, బీపీ చూపించుకోవాలి. పరగడుపున 126, గ్లూకోజ్ తాగాక రెండు గంటలకు 200 దాటితే వెంటనే వైద్యం మొదలుపెట్టాలి. గర్భిణికి షుగర్ పరీక్ష తప్పనిసరి. బిడ్డకు ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే పట్టాలి.

వారానికి రెండు మూడు రోజులైనా సామ, కొర్ర అన్నం, జొన్న గటక ఇంటికి తిరిగి తేవాలి. మెత్తగా ఆడించిన చోడి పిండితో పలుచని జావ కాస్తే అది కూడా షుగర్‌ను త్వరగా పెంచుతుంది. పప్పు, ఆకుకూర ఎక్కువగా, గింజ అన్నం కొలతగా తినడం మేలు. చిరుధాన్యాలు తింటున్నామని మాత్రలు మానకూడదు. పొగాకు, సారా షుగర్ ఉన్నవాడి కాళ్ళు, కిడ్నీలు, గుండె మీద రెట్టింపు దెబ్బ వేస్తాయి. కాలి పుండు మానకపోతే ఆకు పసరుతో రోజులు గడపక ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇవి ఒక్కో ఇల్లు చేయగలిగినవి. మిగతావి సంఘం అడగవలసినవి. డిపోలో బియ్యంతో పాటు మన పొలాల్లో పండిన చిరుధాన్యాలు కొని ఇవ్వాలి. పక్కనున్న ఒడిశాలో 2017లో గిరిజన జిల్లాల నుంచే చిరుధాన్యాల పథకం మొదలైంది. ఆశ్రమ పాఠశాల, అంగన్‌వాడీ పళ్ళెంలోకి కూడా అవి రావాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగర్ మాత్రలు, ఇన్సులిన్ నెలంతా ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టాలు, సామూహిక హక్కులు ఇవ్వడం భూమి విషయం మాత్రమే కాదు, ఆరోగ్య విషయం కూడా.

నీళ్ళు తిరిగి వచ్చాక

పిమాల కథ దుఃఖంతో ముగియలేదు. 2002లో ప్రకటించిన ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో నైరుతి ఆదివాసీ కేంద్రాలు కూడా పాల్గొన్నాయి. జబ్బు అంచున ఉన్నవారు కాస్త బరువు తగ్గి, వారానికి 150 నిమిషాలు నడిస్తే షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గిందని తేలింది. మెట్‌ఫార్మిన్ మాత్రతో 31 శాతమే తగ్గింది. 1997లో అమెరికా ప్రభుత్వం ఆదివాసీల కోసం ప్రత్యేక మధుమేహ పథకం పెట్టింది. తెగలే నడుపుకునేలా నిధులిచ్చింది. 1996 నుంచి 2013 మధ్య అమెరికా ఆదివాసీల్లో షుగర్ వల్ల కిడ్నీలు పాడయ్యే కేసులు 54 శాతం తగ్గాయి.

అన్నిటికన్నా పెద్ద సంగతి 2004లో జరిగింది. దశాబ్దాల పోరాటం తరువాత అమెరికా కాంగ్రెస్ చట్టం ద్వారా గిలా నదీ జనానికి ఏటా 6,53,500 ఎకరా-అడుగుల నీటి హక్కు దక్కింది. ఆ పొలాల్లో టెపరీ గింజ మళ్ళీ పండుతోంది. నీరు పోయి వంద ఏళ్ళు దాటాక అది చట్టం ద్వారా తిరిగి వచ్చింది. పోయిన ఆరోగ్యం అంత త్వరగా రాదు, కానీ దారి కనబడింది.

గిలా ఒడ్డున పెద్దలు కర్ర మీద ఏడాదికో గాటు పెట్టినట్టు మన ఊరికీ ఒక లెక్క ఉండాలి. ఈ ఏడు ఎంతమంది పరీక్ష చేయించుకున్నారు, ఎంతమందికి షుగర్ తేలింది, ఎంతమంది సామ చల్లారు అని గ్రామసభ పుస్తకంలో రాసుకుందాం. వాళ్ళకు ఆ లెక్క బయటివాళ్ళు రాశారు, అప్పటికే ఆలస్యమైంది. మనది మనమే రాసుకుందాం, ఇంకా సమయం ఉండగానే.

జై ఆదివాసీ.